మైకమ్మ సవతి

బస్టాండులో ఆమెను అందరూ మైకమ్మ అనే పిలిచేవారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యమో, గాజు కిటికీ వెనక కూర్చుని మైకులో చెప్పడం ఆమె పని. భర్త పోయాక అన్న ఇంట్లో ఓ గదిలో ఉంటూ, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికిందంటే అది ఆ కుర్చీ చలవే.

ఒకరోజు మేనేజరు ఓ పాత కంప్యూటరు మోయించుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టించాడు. ముందే టైపు చేసి పెట్టింది వేళకు దానంతటదే పైకి చదివే ప్రోగ్రాం ఏదో అందులో వేశారట.

"ఇకనుంచి ఇదే మాట్లాడుతుంది. మీరు గొంతు చించుకోనక్కర్లేదు," అన్నాడు.

తీరా చూస్తే ఆ పెట్టెకు సౌండు కార్డు లేదు. మైకు సెట్టుకి వైరు కలుపుదామంటే చోటే లేదు. ఏదైనా తప్పు నొక్కితే కీచుమనడానికి లోపల అగ్గిపెట్టెంత స్పీకరుంది, అంతే. మెకానిక్కు నానా తంటాలూ పడి మాటలన్నీ అందులోంచే వచ్చేలా చేశాడు. వచ్చాయి, రేకు మీద ఇసుక పోసినట్టు.

"కార్డు కొంటే పోతుంది కదా సార్," అన్నాడు మెకానిక్కు.

"ఉన్నదాంతో కానియ్."

ఉన్నదాంతో కానివ్వడమంటే ఏమిటో మైకమ్మకు మర్నాడు తెలిసింది. పెట్టె పక్కనున్న కన్నాల దగ్గర తను మైకు పట్టుకుని కూర్చోవాలి. నోరు మాత్రం మెదపకూడదు.

టికెట్ల గుమాస్తా తొంగిచూసి పళ్లికిలించాడు. "ఏం మైకమ్మా, సవతికి సేవలా? పాపం, జలుబు చేసినట్టుంది దానికి."

"నీ పని చూసుకో నాయనా."

జనానికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అటు పోవాల్సినవాళ్లు ఇటు పరిగెత్తేవారు. వచ్చి అద్దం మీద దబదబా బాదేవారు. ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే మేనేజరే విసుగెత్తి దాన్ని తీయించేసేవాడు. అందరూ ఆమెకు అదే చెప్పారు. కానీ ఆమె చెవులు ఓర్చుకోలేకపోయాయి. దాని వేగం తగ్గించింది. తను ఎక్కడెక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడల్లా ఓ కామా పెట్టింది. మైకుకు చేతిరుమాలు చుట్టి గరగర తగ్గించింది. మెల్లమెల్లగా మాట తేరుకుంది. అద్దం బాదేవాళ్లు తగ్గిపోయారు.

పట్టుకుని పట్టుకుని చెయ్యి లాగేస్తుంటే, ఒకరోజు మైకును పెట్టెకే గుడ్డపేలికతో కట్టేసి టీ తాగడానికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. కుర్చీ ఖాళీ. పెట్టె మాట్లాడుతోంది. జనం సరైన బస్సే ఎక్కుతున్నారు. అతను కాసేపు ఆ కుర్చీ వంక చూసి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ఆమెను ప్రయాణికుల సంచులు దాచే సామాన్ల గదికి మార్చారు. అదీ రోజుకూలీ మీద.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు కదే!" అంది వదిన, పప్పు గరిటె గిన్నెకేసి కొడుతూ.

"జనం బస్సులు తప్పిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా వదినా?"

"ఆ జనాన్నే రమ్మను, రేపు నీకు వండిపెడతారు."

మైకమ్మ కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

కొన్నాళ్లకు కొత్త దారుల్లో బస్సులు పడ్డాయి. ఆ ఊళ్ల పేర్లు పెట్టెకు నోరు తిరగలేదు. సరిచేయబోయి మెకానిక్కు మైకు రుమాలు విప్పేశాడు, కామాలు చెరిపేశాడు. మేనేజరే సామాన్ల గది దాకా వచ్చాడు.

"ఒక్కసారి వచ్చి సరిచేసి పెట్టండమ్మా. మెకానిక్కు వల్ల కావడం లేదు. అప్పుడెలా చేశారో ఏమో."

"గుర్తు లేదు సార్."

"అదేంటమ్మా, మీరేగా..."

"మర్చిపోయాను సార్."

అతను గొణుక్కుంటూ పోయాడు. పెట్టె మళ్లీ ఇసుక పోయడం మొదలెట్టింది.

ఓ సాయంత్రం సంకలో పిల్లతో, చేతిలో సంచులతో ఒకామె రొప్పుకుంటూ వచ్చి తన ఊరి పేరు చెప్పింది. "అక్కా, ఇప్పుడు చెప్పింది మా ఊరి బస్సేనా? ఏ ప్లాట్‌ఫారం అంది?"

ఆ గరగరలో మాట పట్టగలిగేది బస్టాండు మొత్తంలో మైకమ్మ ఒక్కతే. ఐదో ప్లాట్‌ఫారం. బస్సు కదలబోతోంది కూడా.

"ఏమో తల్లీ, నాకేం తెలుసు? ఆ అద్దాల కిటికీ దగ్గర అడుగు," అంది.

ఆమె పిల్లను ఎగదోసుకుని అటు పరిగెత్తింది. అక్కడ ఎవరూ ఉండరని తెలిసే పంపింది మైకమ్మ. ఐదులో బస్సు హారను కొట్టి కదిలింది. మైకమ్మ తలెత్తకుండా ఇంకో సంచికి చీటీ కట్టింది.