‘స’కీ ‘చ’కీ మధ్య ఆగిపోయిన ఇల్లు

మా పంతులమ్మగారు పోయారు. మొన్న ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం, బాగా తెల్లవారాక, అద్దింట్లో. ఊపిరి తీసింది గుండెజబ్బే, కాదనను. కానీ ఆవిడ శవాన్ని వీధిలో పడుకోబెట్టింది మాత్రం ఇళ్ళ అప్పుల సంఘం కార్యదర్శి. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఇప్పుడు అచ్చులో అంటున్నాను.

వీధిలో ఎందుకని అడుగుతారేమో. అద్దెకున్నవాళ్ళు పోతే శవం లోపల ఉండకూడదని మన ఊళ్ళో నియమం. ఇల్లు కట్టినవాడికి అరిష్టమట. ఇంటాయన గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు. “ఏటనుకోకండి బాబూ. పంతులమ్మగోరంటే నాకూ గౌరవమే. నా కోడలు నీళ్ళోసుకునున్నాది. లోపలుంచితే ఎలగ సెప్పండి?” ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను. పంతులమ్మగారి అక్కగారు నా చెయ్యి పట్టుకుని, “ఒద్దు నాయినా, పద, మంచం పట్టు” అన్నారు. పట్టాం. నులక మంచం వీధిలోకి తెచ్చి, పైన రెండు తాటాకు చాపలు అడ్డం కట్టాం. సగం ఊరికి అక్షరాలు దిద్దించిన మనిషి లారీల దుమ్ములో పడుకుంది. అక్కగారికి చూపు బాగా మందగించింది. మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగారు: “దాని మొహం మీద ఎండ పడతన్నాదా?”

ఆవిడ మాకు మూడో తరగతి చెప్పారు. పొందూరు నూలు చీర, పొడుగు చేతుల జాకెట్టు, చేతిలో బెత్తం బదులు విసనకర్ర. తప్పు రాస్తే ఆ విసనకర్ర కాడతో పలక మీద టక్కున కొట్టేవారు, మన మీద కాదు. మేమందరం ‘చెరువు’ని ‘సెరువు’ అనేవాళ్ళం, ‘చూడు’ని ‘సూడు’ అనేవాళ్ళం. ఇప్పటికీ అంటాం. ఆవిడా ఇంట్లో అలాగే అనేవారు. ఒకసారి పై ఊరి ఇన్‌స్పెక్టరు వచ్చి, నా పక్కవాడు “సింతసెట్టు” అనగానే మొహం ముడుచుకుని, “ఉచ్చారణ దిద్దలేదా?” అని ఆవిడ్ని అడిగాడు.

“వాడెలా పిలిచినా చింతపండు పులుపు తగ్గదు కదండీ. రాయమని చూడండి” అన్నారు ఆవిడ.

వాడు పలక మీద గుండ్రంగా ‘చింతచెట్టు’ అని రాసి చూపించాడు. ఇన్‌స్పెక్టరు వెళ్ళాక ఆవిడ మావైపు తిరిగి అన్న మాట నాకు ఈనాటికీ కంఠతా ఉంది: “నోరు మీ అమ్మ ఇచ్చింది, చెయ్యి బడి ఇచ్చింది. రెంటినీ దాచుకోండి. ఒకదాని కోసం ఒకదాన్ని పారెయ్యకండి.”

పెద్దయ్యాక నేను కరపత్రాలు చదవడం మొదలుపెట్టాను, రాయడం కూడా. రాసినవన్నీ ఆవిడకే ముందు చూపించేవాణ్ణి. దాంతో నా పేరే మారిపోయింది. “ఒరే కరపత్రం, కాఫీ తాగుతావేటిరా?” అని గుమ్మంలోంచే పిలిచేవారు. ఒకసారి ‘శ్రామికులారా!’ అని మొదలెట్టి ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యార్థకం పెట్టి ఇచ్చాను. చదివి, “ఇన్ని కర్రలు పాతావు, కంచె బాగుంది. లోపల పంటేదిరా?” అన్నారు. మూడు రోజులు మాట్లాడలేదు నేను. నాలుగో రోజు ఆవిడే వచ్చి మా అరుగు మీద కూర్చుని, ఆ కరపత్రాన్ని నాతో మళ్ళీ రాయించారు.

ఇక ఇల్లు సంగతి. అక్కగారు అప్పడాలు ఒత్తి చెల్లెల్ని చదివించారు. చెల్లెలు పంతులమ్మ అయ్యాక ఇద్దరూ ఒక అద్దింట్లోంచి ఇంకో అద్దింట్లోకి మారుతూ బతికారు. ఒక వానాకాలం పక్కింట్లో అద్దెకున్న ముసలాయన పోతే, ఆయన్నీ ఇలాగే వీధిలో పెట్టారు. వర్షంలో గొడుగులు పట్టుకుని నిలబడ్డారు కొడుకులు. అది చూసి వచ్చిన రోజున పంతులమ్మగారు అన్నారు: “అద్దింట్లో బతకొచ్చురా. సావకూడదు. మా అక్కని నేను వీధిలో పెట్టను.” తన గురించి కాదు, అక్క గురించే ఆ భయం. తానే ముందు పోతానని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

మా వీధికి అవతలే ఒక చిన్న పెంకుటిల్లు అమ్మకానికొచ్చింది. పొందూరు దాపున పల్లెలో వ్యవసాయం చేసుకునే రైతుదది. వాళ్ళమ్మ ఎప్పుడో కొన్నది, ఆవిడ పోయాక ఈయనకొచ్చింది. ఆయన పొలంలో నుయ్యి తవ్వించుకోవాలి, అందుకని అమ్ముతున్నాడు. పంతులమ్మగారు బయానా ఇచ్చి, మిగతాదానికి ఇళ్ళ అప్పుల సంఘంలో దరఖాస్తు పెట్టారు. కొనే ఇంటినే తనఖా పెట్టుకుని సంఘం అప్పిస్తుంది, జీతంలోంచి నెలనెలా కోసుకుంటుంది. దానికోసమే పుట్టిన సంఘం అది. ఆవిడ పెట్టిన దరఖాస్తు రెండు వేసవులు చూసింది.

కారణం వింటే మీకు నవ్వొస్తుంది. నాకు రక్తం మరుగుతుంది. రైతు వాళ్ళమ్మ ఇల్లు కొన్నప్పటి పాత దస్తావేజులో ఆవిడ పేరు ‘సెంద్రమ్మ’ అని ఉంది. రాసినవాడు విన్నది విన్నట్టు రాశాడు. ఇప్పటి అమ్మకం ఒప్పందంలో పంతులమ్మగారు బడి చేత్తో ‘చంద్రమ్మ’ అని రాశారు. కార్యదర్శి ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, “ఇద్దరు మనుషులా, ఒకే మనిషా? తేల్చుకురండి. ఇల్లు సెంద్రమ్మది, అమ్ముతున్నది చంద్రమ్మ కొడుకు. తనఖా ఎలా పట్టమంటారు?” అన్నాడు.

రైతుని పిలిపించారు. పాపం బస్సు దిగి తలగుడ్డ విప్పి నిలబడ్డాడు. “మాయమ్మ సెంద్రమ్మే బాబూ. నాను పుట్టిన కాడ్నుంచీ సెంద్రమ్మే. మరింకేటి పేరు?”

“అయితే ‘సెంద్రమ్మ ఉరఫ్ చంద్రమ్మ’ అని రాసి సంతకం పెట్టు.”

ఆ ‘ఉరఫ్’ దగ్గర రైతు ఆగిపోయాడు. “ఉరఫా? ఉరఫులుండేది దొంగలకి బాబూ. ఠాణా గోడ మీద బొమ్మలేసి రాస్తారు, ఫలానా ఉరఫ్ ఫలానా అని. మాయమ్మ ఎవురింట కన్నం ఏసినాది? నాను పెట్టను.”

ఎంత చెప్పినా పెట్టలేదు. బయటికొచ్చాక నేను విసుక్కున్నాను. పంతులమ్మగారు నన్ను కసిరి, రైతుతో, “పెట్టొద్దులే బాబూ. మీ అమ్మని దొంగని చేసి నేను ఇల్లు కొనుక్కోను. ఇంకో దారి చూద్దాం” అన్నారు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “ఇంకెవురికీ అమ్మను పంతులమ్మగోరూ. నుయ్యి ఆగుతాది. మీరు కానియ్యండి” అని మాటిచ్చి బస్సెక్కాడు.

ఆ ఇంకో దారి, రెండు పేర్లూ ఒక్క మనిషివేనని గ్రామ మునసబు దగ్గరనుంచి ధ్రువపత్రం. అది తేవడానికి ఒక వానాకాలం గడిచింది. తెచ్చిన రోజు నేనూ వెంట వెళ్ళాను. కార్యదర్శి దాన్ని అటూ ఇటూ తిప్పుతూండగా గాలికి కాగితాలు ఎగిరాయి. ఆయన జవాను మీద అరిచాడు: “ఒరే, కిటికీ ఏసీమని సెప్పాను కదరా! సెవుల్లేవేటిరా నీకు?”

గదిలో ఉన్నవాళ్ళందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. పంతులమ్మగారు చాలా మర్యాదగా అడిగారు: “అయ్యా, ఇప్పుడు మాట్లాడిన మీరూ, ఇందాక నాతో మాట్లాడిన మీరూ ఒక్కరేనాండీ? మునసబుగారి కాగితం ఏదైనా ఉందా?”

జవానుతో సహా అందరూ పకపకా నవ్వారు. కార్యదర్శి నవ్వలేదు. ఆయనా మన గడ్డ మీద పుట్టినవాడే, వాళ్ళమ్మా ఆయన్ని ‘సిన్నోడా’ అనే పిలిచి ఉంటుంది. అమ్మిచ్చిన నోటిని ఆఫీసు బయట చెప్పులతో పాటు విడిచి వస్తున్నాడు, అంతే. ఆ సాయంత్రమే ఫైలు న్యాయసలహాకని విశాఖపట్నం వెళ్ళిపోయింది. అక్కడి ప్లీడరు సెలవు. ఆయన వచ్చాక కమిటీ కూర్చోలేదు. ఒకసారి ఎవరింట్లోనో పెళ్ళి, ఒకసారి ఎవరికో జ్వరం. కూర్చోడానికి కుర్చీలు లేవా అని అడిగాను. బయటికి పొమ్మన్నారు.

నేను రాళ్ళు విసురుదామన్న ప్రతిసారీ ఆవిడ ఇంకో పని చూసుకునేవారు. ఆ పనేమిటో చాలాకాలం నాకు అర్థం కాలేదు. అద్దింటి వంటగదిలో సామానంతా మార్చేశారు. ఉప్పుజాడీ ఎడమ చేతికి, నీళ్ళబిందె వెనక్కి, పొయ్యి మూలకి. అక్కగారు తడుముకుని విసుక్కునేవారు. “ఏటే ఇది, పిచ్చా నీకు?” “పిచ్చి కాదక్కా. ఆ ఇంట్లో గూడు ఎడమ పక్కనే ఉన్నాది. ఇక్కడే అలవాటు చేసుకో. ఎళ్ళిన రోజున తడుముకోకూడదు కదా.” కళ్ళు సరిగా కనిపించని అక్కకి, ఇంకా తమది కాని ఇంటిని చేతులకి నేర్పించారావిడ. ఇప్పుడు అక్కగారు ఆ వంటగదిలో తడుముకోకుండా తిరుగుతారు. ఇల్లు మాత్రం లేదు.

సహనం గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆవిడ సహనం మీద నాకు కోపమే. బతికుండగా ఆ మాటా అన్నాను: “మీరు మెత్తగా ఉంటే వాళ్ళు తొక్కుతారండీ.” ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, “మెత్తగా ఉన్నానని ఎవడ్రా సెప్పాడు? నేను ఎళ్ళడం మానలేదు కదా” అన్నారు. నిజమే. ప్రతి శనివారం ఒంటిపూట బడి కాగానే సంఘం ఆఫీసుకి వెళ్ళి కూర్చునేవారు. పోయే ముందు రోజు కూడా వెళ్ళొచ్చారు. ఎడమ భుజం లాగుతోందని చెప్పి, పెందలాడే పడుకున్నారు.

కర్మ అయ్యాక నేను కార్యదర్శి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “దరఖాస్తుదారు మరణించారు కాబట్టి ఫైలు మూసేస్తాం. ఆవిడ అక్కగారికి కావాలంటే మొదటి నుంచీ కొత్తగా పెట్టుకోవాలి” అన్నాడు. మొదటి నుంచీ! అంటే మళ్ళీ సెంద్రమ్మ, మళ్ళీ ఉరఫ్, మళ్ళీ విశాఖపట్నం. అక్కగారికి ఇంకెన్ని వేసవులున్నాయి? ఇంటాయన ఇప్పటికే ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. రైతు ఇంకా మాట మీదే ఉన్నాడు, నుయ్యి తవ్వకుండా. పంతులమ్మగారి చేతికింద చదువుకుని ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఇద్దరు అక్కగారికి జామీను ఉంటామని, వాయిదాలు తాము కడతామని రాసిచ్చారు. అయినా ఫైలు మూసేస్తారట.

మూయనివ్వం. సోమవారం పొద్దున్న కమిటీ కూర్చుంటుందని జవానే వచ్చి చెప్పాడు. అతనూ ఆవిడ దగ్గరే ఓనమాలు దిద్దాడు. మనం అడిగేది ఒక్కటే: ఆ ఫైలు మూయకుండా, అదే ఫైలులో అక్కగారి పేరు రాసి, ఆ రోజే మంజూరు చెయ్యాలి. నలుగురు కూడితే లాఠీలు వచ్చే రోజులివి. అందుకని కర్రలు వద్దు, జెండాలు వద్దు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు, అద్దిళ్ళలో ముసలివాళ్ళని పెట్టుకుని రాత్రులు నిద్రపట్టనివాళ్ళు, అందరూ రండి. తొమ్మిదిన్నరకి గంటస్తంభం దగ్గర కలుద్దాం. పది కొట్టేసరికి సంఘం మెట్ల మీద ఉండాలి.

అక్కగారి కోసం రిక్షా మాట్లాడాం. ఆవిడ ఎక్కనంటున్నారు. “నన్నెవురైనా ముందుండి నడిపించండి, నాను నడుస్తాను” అని నిన్నటి నుంచీ చెప్పులు గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.