కందకుర్తిలో కాగిన నీళ్లు

దయ్యాల సంగతి దేవుడెరుగు, నేను హోటల్లో గ్లాసులో పోసిన నీళ్లనే నమ్మను. కొన్న సీసాకు సీలు సరిగ్గా ఉందా అని తిప్పి తిప్పి చూసే రకం. నా భార్య నన్ను "పోలీసాయన" అని ఎగతాళి చేస్తుంది.

పోయిన వేసవిలో మా అమ్మ పోయింది. అవ్వ అని పిలిచేవాళ్లం. బోధన్ పక్క పల్లెలో బీడీలు చేసి నన్నూ అక్కనూ పెంచింది. అస్థికలు కలపడానికి అక్కా నేనూ నిజామాబాద్ నుంచి బస్సులో, నదులు కలిసే కందకుర్తికి వెళ్లాం. నా భార్యకు సెలవు దొరకలేదు. ఐదేళ్ల పాపను ఒంటరిగా వదల్లేక వెంట తీసుకెళ్లాను. పాపకు టైఫాయిడ్ తగ్గి పది రోజులే అయింది. మళ్లీ తిరగబెడితే తట్టుకోలేదని డాక్టరు చెప్పాడు.

ఇంట్లో కాచి తెచ్చిన నీళ్లు బోధన్ దాటేసరికే అయిపోయాయి. నది దగ్గర బోరింగు కొట్టి, గుడ్డతో వడగట్టి, స్టీలు సీసా నింపాను. క్లోరిన్ గోలీ వేసి మూత బిగించాను. అరగంట ఆగాలి. సీసాను సంచిలో పెట్టి, సంచినీ పాపనూ నీడలో కూర్చున్న అక్క దగ్గర వదిలి, నీళ్లలోకి దిగాను.

అస్థికలు కలిపి తిరిగొచ్చేసరికి పాప దాహమని ఏడుస్తోంది. సీసా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మూత తీస్తే ఆవిరి. క్లోరిన్ వాసన లేదు, పొగ వాసన.

"అక్కా, నీళ్లు మార్చినవా?"

"నేనెందుకు మారుస్తరా? ఈడికెల్లి లేవనే లేదు."

మూడుసార్లు అడిగాను. "నా మీద గూడ అనుమానమేనా?" అని కోప్పడింది. చుట్టుపక్కల పొయ్యి ఉందేమోనని వెతికాను. ఉన్న ఒక్క చాయ్ కొట్టులోనూ గ్యాసే.

అక్క సీసా వాసన చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "గిది అవ్వ కాసిన నీళ్లేరా. సల్లార్చి పోరికి తాపు."

బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు పొయ్యిలో వేసి అవ్వ నీళ్లు కాచేది. మాకు జ్వరమొస్తే ఆ నీళ్లే. ఆ పొగ వాసన ఇంకెక్కడా రాదు.

నేను తాపలేదు. పాప చేతులు చాపి ఏడుస్తుంటే, సీసా మొత్తం ఇసుకలో ఒంపేశాను. మళ్లీ బోరింగు కొట్టి, గోలీ వేసి, ఇంకో అరగంట ఏడిపించి తాపాను. పాపకు ఏమీ కాలేదు.

ఆ నీళ్లు ఎట్లా కాగాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకు పారబోసినవని అక్క ఇంకా అడుగుతుంది. టైఫాయిడ్ భయమని చెబుతాను. అది అబద్ధం. ఆ వాసన అక్క కంటే ముందు నేనే గుర్తుపట్టాను. గుర్తుపట్టి, పోయిన మనిషి చేతి నీళ్లు బిడ్డకు తాపడానికి భయపడే పారబోశాను.