ఐసు కింద డీజిలు

చెరకు రసంలో ఐసు వద్దని ఎంత మొత్తుకున్నా, అరసవల్లి దగ్గర బండివాడు వేసే తీరతాడు. అడిగితే "కరిగిపోతాది కదా బాబూ" అంటాడు. నా భయం కూడా అదే.

ఏళ్ళుగా మోస్తున్న బరువొకటి ఉంది. మీరు మా మావను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మావంటే మా మేనత్త భర్త. పడవలో ఇంజను పని ఆయనది. చేపలమ్మేది అత్త, చీపురుపల్లిలో వాడుక ఇళ్ళకి. మా రేవులో ఒక కట్టుబాటుంది: ఇంజను ముట్టినవాడు చేపల పెట్టెలో చెయ్యి పెట్టకూడదు.

కాలేజీ సెలవుల్లో ఒక ఉదయం మావ డీజిలు డబ్బా తెమ్మన్నాడు. బరువై, దాన్ని తెరిచి ఉన్న చేపల పెట్టె అంచున ఆనించాను. బిరడా వదులు. పెట్టెలో చేపలు, ఉప్పునీళ్ళు, పైన తేలే ఐసు. ఒలికిన డీజిలు ఐసు సందుల్లోంచి జారిపోయింది. క్షణంలో పైనంతా తెల్లగా, అమాయకంగా. నేనూ అలాగే నిలబడ్డాను.

ఒక గడ్డ ఎత్తి చూశాను. అడుగున నీటి మీద రంగురంగుల పొర. దూరంగా ఇంకో గడ్డ ఎత్తాను. అక్కడా ఉంది. ఒలికింది ఒక మూల, పాకింది పెట్టె అంతా. నేను కేకేస్తే మావకి వినపడేంత దూరంలోనే ఉన్నాడు. కేకెయ్యలేదు. గడ్డలు సర్ది, గోనె కప్పాను. ఎందుకు? తిడతారని. అంతకన్నా గొప్ప కారణం కోసం ఇన్నేళ్ళు వెతికాను, దొరకలేదు.

చల్లటి చేపలో తెలియని వాసన పొయ్యి మీద లేచింది. మర్నాడు వాడుక ఇళ్ళవాళ్ళు అత్తను గుమ్మం ఎక్కనివ్వలేదు.

"ఇంజను సేతులు పెట్టెలో ఎట్టినావేటి?" అని అత్త అరిచింది.

మావ చేతులు వాసన చూసుకున్నాడు. "ఏటోనే. ఎట్టేసినానేటో."

చెయ్యని తప్పును అంత నిజాయితీగా గుర్తు తెచ్చుకోబోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నేను పక్కనే అన్నం తింటున్నాను. తినడం ఆపలేదు కూడా.

ఆ ఇళ్ళు మళ్ళీ పిలవలేదు. అత్త జీడిపిక్కలు కొట్టే కూలికి పోయింది. మావ అన్నానికి కూర్చున్న ప్రతిసారీ చేతులు రుద్ది కడిగి, వాసన చూసుకుని గాని కంచం ముట్టేవాడు కాదు. నేను దాని మీద జోకులేసేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నవ్వుతున్న మనిషికి ఎలా చెప్పడం అనుకునేవాణ్ణి. నవ్వించింది నేనే.

ఈ మధ్య మావ పోయాడు. పెద్దకర్మ అయ్యాక అత్తకు చెప్పేశాను. గుండె కాస్త తేలికైన మాట నిజమే. ఆ తేలికకే సిగ్గుగా ఉంది.

అత్త విస్తళ్ళు ఏరడం ఆపింది.

"ఆయనకి సెప్పాల్సింది నాకు సెప్తన్నావేటిరా? పోయిన రోజు పొద్దున్న కూడా సేతులు వాసన సూసుకున్నాడు."