మామ బతిమాలిన కాలు

మెట్‌పల్లిలో మగ్గం నేసే మా మామకు చీలమండ కీలు అరిగితే, పట్నం దవాఖానాలో ఆపరేషన్ చేసి ఎముకలు అతికించారు. నొప్పి పోతుంది గానీ పాదం ఇక వంగదన్నారు. వంగని పాదంతో మగ్గం తొక్కేదెట్లా?

పిండికట్టు విప్పించుకొచ్చిన మరునాడే మామ మంచం దిగి మగ్గం గుంట వైపు నడిచాడు. అడుగడుగుకూ కాలినే బతిమాలాడు. "జర నడువు బిడ్డా."

ఊళ్లో మగ్గాలన్నీ ఆగాయి, వాడంతా ఊపిరి బిగబట్టింది. అబద్ధమెందుకు, చూసింది నేనూ అత్తా, అంతే.

అత్త చెయ్యి చాచింది.

"పట్టకు. కాలు ఆసరా మరిగిందంటే రేపు నడువనంటది."

గుంటలో కూర్చుని తొడ బలంతో తొక్కాడు. తొక్కుడు చెక్క దిగలేదు.

"ఇజ్జత్ తియ్యకు బిడ్డా."

మళ్లీ తొక్కితే దిగింది. అత్త ముందే నూలు చుట్టి ఉంచిన కండెను కొంగులోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.