అమ్మ ఏడుపు మీద బీటు

త్రిపురారం దగ్గరి తండాలో పుట్టిన చరణ్ ఇంటర్ దాకా చదివి, తండ్రి తులసీరాం వెంట మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు. ఒక వానాకాలం మిల్లులో పేర్చిన బస్తాల వరస కూలి తులసీరాం దాని కిందే ప్రాణం విడిచాడు. తల్లి సక్కుబాయి శవం మీద పడి లంబాడీలో రాగం తీసి ఏడ్చింది. తండాలో ఆడవాళ్ల ఏడుపుకు రాగముంటుంది, మాటలుంటాయి. పోయినవాడి బతుకంతా అందులోకి వస్తుంది.

తర్వాత నాట్లు వేస్తున్నప్పుడు కూడా ఆమె గొంతులోకి ఆ రాగమే వచ్చేది. ఒకనాడు పొలం గట్టు మీద కూర్చుని చరణ్ దాన్ని ఫోన్‌లో రికార్డు చేశాడు. దానికింద బీటు పెట్టి, తండ్రి గురించి రాసుకున్న మాటలతో ర్యాప్ కట్టాడు. మెడ మీద బస్తా బరువు, ముక్కులో తవుడు దుమ్ము, శవాన్ని తీసుకుపోగానే మళ్లీ తిరిగిన మిల్లు. సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా వింది.

"మీ నాయనను మంచిగ యాది చేసినవ్ బిడ్డా," అంది.

పాట యూట్యూబ్‌లో పెట్టిన కొన్నాళ్లకు కోదాడ నుంచి సతీష్ ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లోని ఓ మ్యూజిక్ కంపెనీకి కొత్త గొంతులు వెతికిపెట్టడం అతని పని. తన స్టూడియోకి పిలిపించి, చరణ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పాట విన్నాడు.

"గొంతులో కసి ఉంది తమ్ముడూ. కానీ ఈ బస్తాలూ చావులూ ఎవడు వింటాడు చెప్పు? కుర్రాళ్లకి కత్తి కావాలి, మందు కావాలి, పొగరు కావాలి. ఆ ఏడుపు మాత్రం అదిరింది. అది ఉంచేద్దాం."

"అది మా అమ్మ గొంతన్నా."

"ఇంకా మంచిది కదా. జనమంతా వింటారు."

మిల్లులో రోజూ తండ్రి పడిన చోటు దాటుకునే పోవాలి. ఆ బాధ తప్పితే చాలనిపించింది చరణ్‌కు. కంపెనీ ఇచ్చిన కాగితాల మీద సంతకం పెట్టాడు. మాటలు కంపెనీవాళ్లే రాసిచ్చారు. ఎదురొస్తే నరుకుతా, వాడి తల్లి ఏడుస్తది విను, అని వీడియోలో చరణ్ కత్తి విసరగానే సక్కుబాయి గొంతు వచ్చేది.

పాట ఎక్కడికో వెళ్లిపోయింది. సూర్యాపేట ఆటోల్లో అదే, కాలేజీ పిల్లల రీల్స్‌లో అదే. చరణ్ చిన్ననాటి దోస్తు చందు అతనిలాగే జుట్టు కత్తిరించుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరిగాడు.

తండాలో ఒక పెళ్లి బరాత్‌లో డీజేవాడు ఆ పాట వేశాడు. చూడడానికి వచ్చిన సక్కుబాయి ఉన్నచోటే నిలబడిపోయింది. పిల్లలు ఈలలేస్తూ ఎగురుతున్నారు. ఇంటికొచ్చి కొడుకును అడిగింది.

"గది నా ఏడుపే కదరా?"

"అవును యాడీ," అన్నాడు చరణ్ తల్లితో.

"మీ నాయన పీనుగ ముంగట ఎగురుతున్నరు గదరా అందరు."

ఆ నెలలోనే తండా పెద్ద బక్కయ్య పోయాడు. ఆడవాళ్లు రాగం తియ్యమంటే సక్కుబాయి, "ఇగ నాకు రాదు," అని గోడకు ఆనుకుని కూర్చుంది.

చందు పుట్టినరోజు మిర్యాలగూడలో రోడ్డు మీదే చేశారు. ఎక్కడినుంచో తెచ్చిన కత్తితో కేకు కోశారు. పాట మోగుతోంది. బైక్ మెకానిక్ కిరణ్ ముందుకొచ్చి, "నాకియ్యిరా, ఒక్క రీల్ తీసుకుంట," అని కత్తి పట్టుకోబోయాడు. తాగి ఉన్న చందు పాటలో చరణ్ విసిరినట్టే కత్తి విసిరాడు. కిరణ్ చెయ్యి అడ్డం పెట్టాడు. కుడిచేతి వేళ్లు తెగిపోయాయి. తెల్లారేసరికి చందును పోలీసులు తీసుకుపోయారు.

టీవీలో పాట పేరుతో సహా ఆ వార్త చూసి చరణ్ కోదాడకు పరుగెత్తాడు. "ఆ పాట తీసెయ్యన్నా," అని బతిమాలాడు.

"అది నీది కాదుగా, కంపెనీది. ఆ వార్త వచ్చాక ఎంతమంది చూస్తున్నారో తెలుసా? రెండో పార్టు అడుగుతున్నారు," అన్నాడు సతీష్.

అట్నుంచి అటే, కిరణ్‌ను చేర్చిన సూర్యాపేట దవాఖానకు పోయాడు. వార్డు బయట కిరణ్ తల్లి యశోద అతన్ని గుర్తుపట్టింది.

"పాట పాడింది నువ్వే గదా? ఇగ నా కొడుకు పానా ఏ చేతితోటి పట్టాలె, నువ్వే చెప్పు."

చరణ్ తలదించుకుని లోపలికి పోయాడు. కట్టుతో పడుకుని ఉన్న కిరణ్ ముఖం అతన్ని చూడగానే వెలిగింది.

"అన్నా, నువ్వా! జర ఒక్క సెల్ఫీ అన్నా." ఎడమచేత్తో ఫోన్ తీశాడు. "రెండో పార్టు ఎప్పుడొస్తదన్నా?"

కాదనే ధైర్యం రాలేదు. చరణ్ పక్కన వంగి ఫోటో దిగాడు.

రెండో పార్టు అతను పాడలేదు. కంపెనీ ఇంకొకడితో పాడించింది. సక్కుబాయి ఏడుపును మాత్రం అట్లాగే వాడుకుంది. చరణ్ మళ్లీ మిల్లుకే పోతున్నాడు. అతను కనబడగానే కుర్ర హమాలీలు ఆ పాటే పెడతారు. ఆపమని మొదట్లో అడిగేవాడు, ఇప్పుడు అడగడు.