మా చేలో మేస్టారి బనీను

మా సైన్సు మేస్టారు పోయారని ఫోను వచ్చేసరికి నేను పత్తి చేలో కలుపు తీయిస్తున్నాను. గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆయన బనీను ఒకటి ఇంకా మా చేలోనే పాతిపెట్టి ఉంది మరి!

క్రోసూరు చుట్టుపక్కల ఆయన దగ్గర చదువుకోనివాళ్లు తక్కువ. నేనూ మా ఆయనా ఇద్దరం ఆయన శిష్యులమే. రిటైరయ్యాక మేస్టారికి మట్టి పిచ్చి పట్టుకుంది. ఎవరి చేలోకైనా చెప్పులు విడిచి వెళ్లడం, గుప్పెడు మట్టి తీసి వాసన చూడడం, అదే పని.

అప్పట్లో మేము ఏటా పత్తి కట్టె పీకి, కుప్పపోసి తగలబెట్టేవాళ్లం. ఎండలు ముదిరేకొద్దీ నేల రాయిలా బిగిసిపోయింది. వాన పడినా నీళ్లు ఇంకేవి కావు. చేను కౌలుకిచ్చి గుంటూరు వెళ్లిపోదామని మా ఆయన పట్టుబట్టాడు. నాకేమో ఆ నేల వదలాలంటే ప్రాణం ఒప్పలేదు.

సంగతి తెలిసి మేస్టారు వచ్చారు. చొక్కా విప్పి, ఒంటిమీది బనీను తీసి, గుంట తవ్వి పాతేశారు. కూలీలు కొంగులు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"నూలు బనీనమ్మా. నేలలో ప్రాణముంటే తినేస్తది. వానలయ్యాక తవ్వి చూద్దాం."

తవ్వితే అది చెక్కుచెదరలేదు. మేస్టారి ముఖం వాడిపోయింది. వాళ్లావిడ, మేము పిన్నిగారని పిలుస్తాం, దాన్ని సబ్బుపెట్టి ఉతికి ఆయనకే తొడిగారు. "ఉన్న బనీన్లన్నీ ఊరి చేలల్లో పాతితే నేనేడ తెచ్చేది? ఈ నేలే నయం, తిరిగిచ్చింది!"

మట్టి మరకల బనీనుతోనే ఆయన మా అరుగు మీద కూర్చుని పాఠం మొదలుపెట్టారు.

"ఒరేయ్ అబ్బాయ్, కట్టె కాలిస్తే అందులో కార్బనంతా పొగై పోద్ది. నేలలో కలిపితే కంటికి కనపడని జీవాలు తింటాయి. కొంత ఊపిరిగా వదిలేస్తాయి, కొంత వాటి ఒంటికి పట్టిద్ది. అవి చచ్చాక ఆ ఒళ్లే బంకమట్టిని కరుచుకుని నేలలో నిలవుంటది."

"మరి ఎండలకీ దానికీ ఏంది సంబంధం మేస్టారూ?" అన్నాడు మా ఆయన.

"ఎండలో నీకు ఆయాసం రాదా? వాటికీ అంతే. వేడెక్కితే తిన్నదంతా ఊపిరికే పోద్ది, ఒంటికి పట్టదు. తడి లేకపోతే తినకుండా పడుకుంటాయి. అందుకే నేలని ఎండకి వదలమాక."

మా ఆయన "ఇంకో ఏడు చూద్దాం" అన్నాడు. కట్టె ముక్కలు కొట్టించి పేడతో పాటు నేలలో కలిపాం. వేసవిలో నేలంతా గడ్డి కప్పాం. మరుసటేడు పాతిన బనీను చిల్లులు పడి బయటికొచ్చింది. మేస్టారు దాన్ని మెళ్లో కండువాలా వేసుకుని టీ కొట్టుకు వెళ్లి, వచ్చినవాడికల్లా చిల్లులు చూపించారు! పిన్నిగారు సిగ్గుతో చచ్చిపోయారు. నన్ను మాత్రం ఎగరనివ్వలేదాయన. "బనీను వాటి ఆకలి చెప్పుద్ది, అంతే. ఒంటికి పట్టిందో లేదో తెలియడానికి చానా ఏళ్లు పట్టిద్ది. తొందరపడమాక" అన్నారు. ఏటా ఒక బనీను పాతుతూ, "ఎప్పటికైనా ఇది నాకు తిరిగి రాకూడదు" అనేవారు. ఈ ఏడు తొలకరికి కూడా పాతి వెళ్లారు.

పెద్దకర్మ అయ్యాక పిన్నిగారే అడిగారు. "అమ్మాయ్, మీ మేస్టారి బనీను తవ్వారా?"

ముగ్గురం వెళ్లాం. మా ఆయన గడ్డపార పక్కన పడేసి చేత్తోనే మట్టి తీశాడు. అంత గుల్లగా ఉంది నేల. చేతికొచ్చింది మెడ చుట్టూ ఉండే కుట్టు ఒక్కటే. దాన్ని పట్టుకున్న మట్టి ఉండలు విదిలించినా రాలలేదు.

పిన్నిగారు పకపకా నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకున్నారు. "నాకు ఉతికే పని తప్పింది!"

"కౌలు మాట ఇక ఎత్తను పిన్నిగారూ" అన్నాడు మా ఆయన. మేస్టారు ఉంటే ఆ కుట్టుముక్క పట్టుకుని ఊరంతా తిరిగేవారు.

పిన్నిగారు సంచిలోంచి మడత విప్పని కొత్త బనీను తీశారు. ఆయన కోసం కొన్నదే, తొడుక్కోలేదు. గుంట పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాన్ని అందులో పరిచారు. భుజాల దగ్గర ముడతలు చేత్తో సవరించి, మెల్లగా మట్టి కప్పారు.