బూరుగు మానును నమ్మిన చిన్నాయన

చిన్నాయన పోయాడని పోయిన వారం కర్నూలు బస్సు కండక్టరు వేంపల్లెలో మా బడి దగ్గర దిగి చెప్పాడు. పొద్దున షెడ్డులో మానులు దించే మనుషులతో మాట్లాడుతూ, కూర్చున్న చోటే ఒరిగిపోయాడట. పిల్లలను ఇళ్లకు పంపించి తిరుగు బస్సు ఎక్కాను.

ఆయన మా నాయనకు తమ్ముడు. మాది జొన్న, వేరుశనగ పండించే ఇల్లు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో సర్కారు కచేరీలు డేరాల్లో నడిచేవి. వాటికి తలుపులు, అడ్డు పలకలు కావాలని తెలిసి చిన్నాయన కర్నూల్లో తన ఇంటి వెనక ప్లైవుడ్ షెడ్డు వేశాడు. మానును తిప్పుతూ పల్చటి పొరగా ఒలిచి, ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా అతికించే పని. పైపొరకు టేకు అంటే ఎవరూ కాదనలేదు. లోపలి పొరలకు ఏ కట్టె అన్న దగ్గరే గొడవ.

"లోపల కూడా గట్టి కట్టె పెట్టురా. దూది కాసే బూరుగు పెడితే జనం నవ్వుతారు" అన్నాడు నాయన.

"లోపలుండేది పైదాంతో కొట్లాడగూడదన్నా. గట్టి కట్టె ఎండకు ముడుచుకుంటా పలకనంతా గుంజుతాది. బూరుగు ఒదిగి ఉంటాది" అన్నాడు చిన్నాయన.

అప్పుడు నేను టీచరు ట్రైనింగు చదువుతూ చిన్నాయన ఇంట్లోనే ఉండేదాన్ని. వంటింట్లో ఏ కుండ మూత తీసినా అతికించిన చెక్కముక్కలు నీళ్లలో నానుతుండేవి. చిన్నమ్మ విసుక్కునేది. ఆయన ముక్క తీసి, గోటితో అంచు లాగి చూసి, ఊడకపోతే పసిబిడ్డను చూసినట్టు నవ్వేవాడు.

ఒకరోజు కచేరీలకు తలుపులు చేయించే కంట్రాక్టరు వచ్చాడు. పలకను వేలితో తట్టి, "బెండు మాదిరి ఉండాది కదప్పా! మనిషి ఆనుకుంటే విరగదా?" అన్నాడు. చిన్నాయన పలకను రెండు రాళ్ల మీద పెట్టాడు. ఇంతలో మజ్జిగ తెచ్చిన చిన్నమ్మ చెంబు కింద పెట్టింది.

"నాకంటే బరువైన మనిషి ఈడ ఎవురుండారు? జరగండప్పా" అని పలక ఎక్కి నిలబడింది.

పలక వంగింది. చిన్నాయన పట్టుకోవడానికి రెండు చేతులూ చాచాడు. పైగా ఆమె దాని మీద ఒకసారి ఎగిరింది. దిగగానే పలక మళ్లీ చక్కగా నిలిచింది. కంట్రాక్టరు పకపకా నవ్వి ఆర్డరు ఇచ్చి వెళ్లాడు.

"విరిగింటే?" అన్నాడు చిన్నాయన, అతను వెళ్లాక.

"పడేదాన్ని. నువ్వు అడవంతా తిరిగి ఎంచిన కట్టెను నేనే నమ్మకపోతే ఇంకెవురు నమ్మాల?"

ఆయన అన్నీ గెలవలేదు. ఒక ఏడాది బూరుగు దొరక్క ఆత్మకూరు అడవి నుంచి అందుగు మానులు తెప్పించాడు. అందులోని బంక అతుకును నిలవనీయలేదు. ఆ పలకలతో చేసిన బడి బెంచీలు వానలకు పొరలుగా లేచాయి. అడిగిన వాళ్లందరికీ తానే చెప్పుకున్నాడు: "అందుగు నన్ను ఓడించినాది. దాని గుణం తెల్సుకోకుండా పని చెప్పినా. తప్పు దానిది కాదు." మనుషుల గురించి కూడా ఆయన ఇలాగే మాట్లాడేవాడు. బడిలో మొండి పిల్లలు ఎదురైనప్పుడల్లా ఆ మాట నాకు పనికివచ్చింది.

రాజధాని హైదరాబాదుకు పోయినప్పుడు షెడ్డు మూసేయమన్నారంతా. ఆయన మంచాలకు, పెట్టెలకు పలకలు చేసుకుంటూ నిలబడ్డాడు.

నేను వెళ్లిన మూడో రోజు, పనివాళ్లు యంత్రం ఆపి షెడ్డులో తలలు వంచుకుని కూర్చున్నారు. ఆయన పోయిన రోజు దించిన మానులు పక్కనే ఉన్నాయి. చిన్నమ్మ పెరటి గడపలోకి వచ్చి నిలబడింది.

"ఊరికే కూచున్నారేమప్పా? పచ్చి బూరుగు మనకోసం ఆగదు, నల్లబడతాది. తిప్పండి."

మాను తిరిగింది. తెల్లటి తడి పొర తెగకుండా గడప దాకా సాగి వచ్చింది. చిన్నమ్మ వంగి దాని కొసను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఎండ ఆ పొరలోంచి దూరి, లేత పసుపు వెలుగై, ఆమె ముఖం మీద పడింది.